తలుపు మీద పేరు

అద్దె ఇల్లు వెతకడంలో నన్ను మించినవాడు లేడని ఒకప్పుడు నాకు గట్టి నమ్మకం. 2017లో ఇంజనీరింగ్ పూర్తయ్యి, హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చిన కొత్తలో మియాపూర్ చౌరస్తా నుంచి చందానగర్ దాకా బొంబాయి హైవేకి అటూ ఇటూ ఉన్న సందులన్నీ కొలిచిన కాళ్ళివి. మెట్రో ఇంకా రాలేదు, ఆ ఏడాది నవంబర్లో వచ్చింది. 218 బస్సు దిగడం, టులెట్ బోర్డు కనపడగానే బెల్లు కొట్టడం... ఇదే పని. లోపల్నుంచి వచ్చే ప్రశ్నలు ఎక్కడైనా అవే, వరస కూడా అదే. "ఫ్యామిలీయా, బ్యాచిలరా?" అన్నది మొదటిది. బ్యాచిలర్ అనగానే సగం తలుపులు మూసుకునేవి. మిగతా సగంలో "మీరేమిట్లు బాబూ?" అని రెండోది. ఇది అడిగేటప్పుడు మాత్రం గొంతు కాస్త తగ్గుతుంది. "నాన్‌వెజ్ వండుతారా?" అన్నది మూడోది. కాలేజీ ఏది, పర్సంటేజ్ ఎంత అని ఒక్కరంటే ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. క్యాంపస్ ఇంటర్వ్యూలకి అంత రుద్దించారే, దీనికెవరూ కోచింగ్ ఇవ్వరేం అని నేనూ, నా ఇద్దరు రూమ్మేట్లూ వాపోయేవాళ్ళం. చివరికి మదీనాగూడలోనే ఒక మేడ మీద, వాటర్ ట్యాంకు పక్కన గది దొరికింది. ఎండాకాలం ఆ గదిలో పాలు కాచక్కర్లేదు, అవే కాగుతాయి.

2019లో నాన్న రిటైరయ్యారు. ఆయనకొచ్చిన డబ్బులకి నా పేరు మీద లోను కలిపి అదే మదీనాగూడలో రెండు బెడ్రూముల ఫ్లాటు కొన్నాం. అమ్మా నాన్నా ఖమ్మం నుంచి వచ్చేశారు. అంటే ఏ ఓనర్లయితే నన్ను గేటు దగ్గరే ఆపేసేవాళ్ళో, సదరు వర్గంలో మేమూ చేరిపోయామన్నమాట. అప్పట్లో అదేదో ప్రమోషన్‌లా ఉండేది.

ఇహ అసలు కథలోకి వస్తా. 2023 అక్టోబర్లో మ్యూనిచ్‌లో దిగాను. 23 కేజీల సూట్‌కేసులు రెండు, వాటిల్లో ఒక కుక్కరు, కారాలు, పచ్చళ్ళు, ఒక లక్ష్మీదేవి పటం. నేను వచ్చేస్తే ఆ ఊళ్ళో మాకేం పనిరా అని అమ్మా నాన్నా తిరిగి ఖమ్మం వెళ్ళిపోవడానికి సామాను సర్దుకున్నారు. కంపెనీ వాళ్ళు నెల రోజులకి ఫర్నిచర్‌తో సహా ఒక గది ఇచ్చారు. నెలలో ఇల్లు చూసుకోవాలి. నెలేంటి, నాకు వారం చాలదూ అనుకున్నాను. మదీనాగూడలో పాస్ అయినవాణ్ణి మరి!

మొదటి దెబ్బ లెక్కల్లో తగిలింది. ఇక్కడ "రెండు గదుల ఇల్లు" అంటే మన టూ బీహెచ్‌కే కాదు. హాలు కూడా ఒక గది కింద లెక్కే. అంటే మన సింగిల్ బెడ్రూమ్. తర్వాత అద్దె రెండు రకాలు, "చల్ల" అద్దె, "వెచ్చ" అద్దె. ఉత్త గోడలకిచ్చేది చల్లది. దానికి హీటింగు, నీళ్ళు, చెత్త, మెట్లు తుడిచే ఖర్చూ కలిపితే వెచ్చది. కరెంటూ ఇంటర్నెట్టూ మళ్ళీ మామూలుగా మన ఖాతాలోవే. అడ్వాన్సు మాత్రం చట్టం ప్రకారం మూడు నెలల చల్ల అద్దెకి మించకూడదు, అదీ మూడు వాయిదాల్లో కట్టొచ్చు. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు కట్టిన మా ఫ్రెండు ఒకడికి ఈ సంగతి చెబితే ఫోన్లోనే కాసేపు మౌనం పాటించాడు.

రెండో దెబ్బ మన ఫీల్డు వాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. ఇల్లు కావాలంటే షూఫా అనే సంస్థ ఇచ్చే కాగితం అడుగుతారు. 1927 నుంచి ఉన్న సంస్థ, మన సిబిల్‌కి తాత లాంటిది. అప్పులు సరిగ్గా కడతామా లేదా అన్నది అందులో ఉంటుంది. నిన్న దిగినవాడికి అందులో ఏముంటుంది, తెల్ల కాగితం తప్ప? కొంత చరిత్ర చేరాలంటే బ్యాంకు ఖాతా కావాలి. నేను అడిగిన బ్యాంకు ఊళ్ళో అడ్రసు రిజిస్టర్ చేయించుకుని రమ్మంది. ఆ రిజిస్ట్రేషన్ జరగాలంటే "ఇతను నా ఇంట్లో దిగాడు" అని ఓనరు సంతకం చేసిన కాగితం కావాలి. నా తాత్కాలిక గది వాళ్ళు ఆ కాగితం ఇవ్వమన్నారు. అంటే ఇల్లుంటేనే ఇల్లు దొరుకుతుంది. కాలేజీలో ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్లో డెడ్‌లాక్ గురించి పదహారు మార్కుల జవాబు రాశాను గానీ, అందులో నేనే ఒక ప్రాసెస్‌గా ఇరుక్కుంటానని అప్పుడు తోచలేదు. చివరికి మా కంపెనీ హెచ్‌ఆర్ వాళ్ళు జీతం గురించి ఒక లెటర్ ఇచ్చి కొంత తోవ చూపించారు.

లెటర్ చేతికొచ్చాక మెయిళ్ళు మొదలెట్టాను. ప్రతి ప్రకటనకీ మర్యాదగా, జర్మన్లోకి మార్పించి, ఉద్యోగమేంటో, జీతమెంతో, సిగరెట్టు తాగననీ, కుక్క లేదనీ, వాద్యాలు వాయించననీ రాయడం. నవంబర్ సగానికి డెబ్భై మూడు పంపాను. జవాబులు తొమ్మిది. ఇల్లు చూడ్డానికి రమ్మన్నవి నాలుగు. అందులో ఒకదానికి వెళ్తే మెట్ల మీద మూడో అంతస్తు నుంచి రోడ్డు దాకా క్యూ. మన తత్కాల్ రోజుల్లో రిజర్వేషన్ కౌంటర్ లాగే ఉంది, కాకపోతే తోపులాట లేదు. ఒక్కొక్కరి చేతిలో ఒక ఫైలు. కొందరు ఫోటోలు కూడా అంటించుకొచ్చారు. పెళ్ళిచూపులకి నయం, అక్కడ కనీసం కాఫీ ఇస్తారు.

మా టీమ్‌లో ఒక జర్మన్ అమ్మాయి ఉంది. నా ఏడుపు రోజూ లంచ్‌లో వినీ వినీ విసుగెత్తి, "ఒకటి చూద్దామా?" అంది. నాకు వారం నుంచి జవాబు రాని ఒక ప్రకటనకి, నా మెయిలే తీసుకుని, పేరు మాత్రం తనది పెట్టి పంపింది. ఉద్యోగమూ అదే, జీతమూ అదే. నలభై నిమిషాల్లో జవాబొచ్చింది. గురువారం సాయంత్రం ఆరింటికి వచ్చి చూసుకోండి అని.

ఆ అమ్మాయి మొహం ఎర్రబడిపోయింది. నాకైతే మధ్యాహ్నం పనే సాగలేదు. ఆ రాత్రి కూర్చుని గూగుల్ మీద పడ్డాను. 2017లో బయెరిషర్ రుండ్‌ఫుంక్ అనే ఇక్కడి ప్రసార సంస్థా, ష్పీగెల్ పత్రికా కలిసి సరిగ్గా ఇదే పని చేశాయట. జర్మన్ పేర్లతో, విదేశీ పేర్లతో దాదాపు 20 వేల మెయిళ్ళు పది నగరాల్లో ఇళ్ళ ప్రకటనలకి పంపారు. ఆ పరిశీలనకి పెట్టిన పేరు "హన్నా, ఇస్మాయిల్". అరబ్బు, టర్కీ పేర్లవాళ్ళకి అందరికంటే తక్కువ పిలుపులొచ్చాయి. తేడా బాగా ఎక్కువున్న ఊరు ఏదో చెప్పక్కర్లేదుగా, మ్యూనిచ్చే. జాతిని బట్టి ఇల్లు ఇవ్వననకూడదని 2006 నుంచి చట్టం ఉంది. ఉంటే ఏం, జవాబు రాని మెయిలుని పట్టుకుని ఏ కోర్టుకి వెళ్తాం?

అదే వెతుకులాటలో మన దేశం గురించి కూడా ఒకటి కనపడింది. సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ చుట్టుపక్కల ఇలాగే అద్దె ఇళ్ళ కోసం వాకబు చేయించి, 2015లో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ప్రచురించింది. పై కులాల పేర్లకి తలుపులు తెరుచుకున్నాయి, దళితుల పేర్లకి చాలాచోట్ల మూసుకున్నాయి, ముస్లిం పేర్లకి అంతకన్నా ఎక్కువ. అది చదివాను. చదివి, ట్యాబ్ మూసేసి, మళ్ళీ జర్మన్ల మీద కోపం తెచ్చుకుని పడుకున్నాను. ఎందుకంటే నా కోపానికి పనికొచ్చేది ఆ రాత్రి అదొక్కటే.

రెండ్రోజుల తర్వాత, ఆదివారం, నాన్న ఫోను. మదీనాగూడ ఫ్లాటు ఖాళీ అయ్యి నెల దాటింది. ఈఎంఐ ఆగదు కదా. ఇక్కడ చూస్తే మూడు నెలల అడ్వాన్సు కట్టాలి. "ఇద్దరొచ్చార్రా" అన్నారు నాన్న. "ఒకళ్ళు వైజాగ్ వాళ్ళు, మొగుడూ పెళ్ళాం, చిన్న బాబు. ఇరవై రెండు వేలకి రెండువేలు తగ్గించమంటున్నారు. ఇంకొకతను నీ పేరు చెప్పాడు. నీతో పనిచేశాట్ట. ఇరవై రెండుకీ ఒప్పుకున్నాడు, అడ్వాన్సు ఇప్పుడే ఇస్తానన్నాడు."

అతను ఎవరో నాకు వెంటనే అర్థమైంది. కర్నూలు వైపు వాడు. మూడేళ్ళు నా పక్క సీటు. రిలీజ్ రోజు రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే, నాకు జ్వరమని, నా బదులు తను లేచి చూసినవాడు. రంజాన్ నెలలో మా అమ్మకి హలీం పట్టుకొచ్చేవాడు, వెజ్‌ది ఎక్కడ దొరుకుతుందో వెతికి మరీ. పెళ్ళై ఏడాది అయింది, ఇద్దరికీ ఆఫీసు దగ్గరవుతుందని ఇల్లు వెతుక్కుంటున్నాడు.

"మరింకేం నాన్నా" అన్నాను.

"అదే... అసోసియేషన్ వాళ్ళు ఊరుకోర్రా. కిందటేడు నాలుగో ఫ్లోర్ వాళ్ళు ఇస్తానంటే ఎంత గొడవైందో నీకు తెల్సుగా. కాగితం మీద ఎక్కడా ఉండదు, కానీ ఉంటుంది. రేపు మనం మళ్ళీ వెళ్ళి ఉండాల్సిన చోటు. అయినా నీ స్నేహితుడే కదా, నువ్వే మెల్లిగా చెప్పు."

మీరైతే ఏం చేసేవారో నాకు తెలీదు. నేను చేసింది మాత్రం చెప్తాను. అసోసియేషన్‌తో నేను మాట్లాడతానని అనలేదు. అద్దె అగ్రిమెంటు నా పేరు మీద, లోను నా పేరు మీద, ఫ్లాటు నా పేరు మీద. అయినా అనలేదు. ఫోన్ తీసి వాట్సాప్‌లో అతనికి రాశాను. "సారీ భాయ్, మా చుట్టాలకి ఆల్రెడీ మాటిచ్చేశాం, నాన్నకి గుర్తులేక నీకు చూపించారు" అని. టైపు చేయడానికి నిమిషం కూడా పట్టలేదు. ఐదు నిమిషాల్లో జవాబొచ్చింది. "పర్లేదన్నా. అర్థమైంది."

ఊరి పేరేమో మదీనాగూడ.

సరే, నా ఇంటి సంగతి చూద్దాం. డిసెంబర్ మొదట్లో, కంపెనీ గది గడువు ఇంకో రెండు వారాలు పొడిగించుకుని, నోయ్‌పెర్లాఖ్ అనే చోట ఒక ఇల్లు చూశాను. మ్యూనిచ్‌కి తూర్పు దక్షిణంగా 1967లో శంకుస్థాపన చేసి కట్టిన పెద్ద కాలనీ. మన కేపీహెచ్‌బీ లాంటిదనుకోండి, కాకపోతే పొడుగాటి బ్లాకులు, మధ్యలో చెట్లు. యూ5 మెట్రో ఉంది. అందంగా ఉండదు, కానీ బస్తీ లక్షణం ఉంది. లిఫ్టులో నాలుగు భాషలు వినిపిస్తాయి.

ఓనరమ్మకి ఎనభై దాటాయి. మనవడు పక్కనుండి ఇంగ్లీషులో చెప్తున్నాడు. ఆవిడ నా ఫైలు చేతిలోకి తీసుకుని, తెరవకుండానే పక్కన పెట్టేసింది. కిటికీలు రోజుకి రెండు మూడు సార్లు బార్లా తెరుస్తావా అనడిగింది. ఇక్కడ అది పెద్ద విషయం, గాలి ఆడకపోతే గోడలకి బూజు పడుతుంది, తప్పు కిరాయిదారుడిదే. తెరుస్తానన్నాను. మసాలా వంటలు చేస్తావా అంది. చేస్తానన్నాను, అబద్ధం ఆడే ఓపిక లేక. అయితే ఇంకోసారి ఎక్కువ తెరువు అంది. అంతే, ఇంటర్వ్యూ అయిపోయింది.

నేను ఉండబట్టలేక, ఇంతమందిలో నాకే ఎందుకు ఇస్తున్నారని మనవణ్ణి అడిగాను. అతను అడిగి చెప్పాడు. ఆవిడది సుడేటన్‌లాండ్ అట. ఇప్పటి చెక్ దేశంలో జర్మన్లుండిన ప్రాంతం. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అక్కణ్ణుంచి దాదాపు 30 లక్షల మందిని వెళ్ళగొట్టారు. 1946లో ఐదేళ్ళ పిల్లగా తల్లితో రైల్లో బవేరియాకి వచ్చిందట. ఇక్కడివాళ్ళూ జర్మన్లే, భాషా అదే. అయినా ఎవరూ గది ఇవ్వలేదు. చివరికి అధికారులు ఆర్డరేసి ఒక రైతింట్లో పెట్టిస్తే, ఆ ఇంటివాళ్ళు వంటిల్లు మాత్రం వాడుకోనివ్వలేదట. "బామ్మ ఇది అందరికీ చెప్తుంది" అన్నాడు మనవడు, కొంచెం మొహమాటంగా. నాకు మాత్రం ఆ పూట ఆవిడ కళ్ళల్లోకి చూడ్డం కష్టమైంది. డెబ్భై ఏడేళ్ళ తర్వాత కూడా వంటిల్లు గుర్తుందావిడకి.

అన్నట్టు, వంటిల్లు అంటే గుర్తొచ్చింది. నాకిచ్చిన ఇంట్లో వంటిల్లు లేదు. గది ఉంది. అందులో గోడలోంచి వచ్చిన రెండు పైపులూ, ఒక కరెంటు తీగా ఉన్నాయి. సింకు లేదు, పొయ్యి లేదు, గట్టు లేదు. పాత కిరాయిదారుడు విప్పుకుపోయాడు! ఇక్కడ చాలా ఇళ్ళు అంతే. కప్పు నుంచి బల్బుల బదులు తీగలు వేలాడుతున్నాయి. మొదటి మూడు వారాలు గిన్నెలు బాత్రూంలో కడిగాను. చివరికి ఊరు వదిలి వెళ్తున్న ఒకాయన దగ్గర పాత వంటిల్లు మొత్తం కొని, ఇద్దరు తెలుగు కుర్రాళ్ళ సాయంతో, మంచు కురుస్తుంటే ట్రాలీ మీద తోసుకొచ్చి బిగించాను.

కానీ గృహప్రవేశానికి అవేవీ లేవు. అమ్మ ఆదివారం పొద్దున ముహూర్తం పెట్టింది. పాలు పొంగించాల్సిందే అంది. మ్యూనిచ్‌లో ఆదివారం షాపులు తీయరు, శనివారం రాత్రి ఎనిమిదికే కట్టేస్తారు. ఏడూ యాభైకి పరుగెత్తి పాలూ, ఒక ఒంటి ప్లేటు కరెంటు పొయ్యీ కొన్నాను. పొద్దున్నే కిచెన్ గదిలో నేల మీద పొయ్యి, గోడకి లక్ష్మీదేవి, ఫోన్లో ఖమ్మం నుంచి అమ్మ. పాలు పొంగాయి. పొంగి ఎర్రగా కాలుతున్న ప్లేటు మీద పడ్డాయి. పొగ లేచింది. ఇక్కడ ఇళ్ళల్లో పొగ పట్టేసే అలారం తప్పనిసరి. అది మొదలెట్టింది చూడండి... అసలే ఆదివారం, డ్రిల్లింగు మెషీన్ శబ్దం చేసినా పక్కవాళ్ళు ఊరుకోని రోజు. ఎదురింటి ముసలాయన చేతిలో చీపురుతో వచ్చాడు. అయిపోయాన్రా అనుకున్నా. ఆయన నన్ను దాటుకుని లోపలికెళ్ళి, చీపురు కర్రతో అలారం మీట నొక్కి, పొయ్యినీ, పటాన్నీ, ఫోన్లో ఉన్న అమ్మనీ వరసగా చూసి, ఏదో అని వెళ్ళబోయాడు. నేను మిగిలిన పాలల్లో పంచదార వేసి ఒక కప్పు ఇచ్చాను. నిలబడే తాగాడు. "మంచి శకునం, పెద్దాయన తాగాడు" అని అమ్మ తీర్పు చెప్పింది.

ఆ సాయంత్రం ఓనరమ్మ మనవడు ఒక చిన్న రేకు ముక్క తెచ్చాడు. దాని మీద నా ఇంటిపేరు. ఇక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్ నంబర్లుండవు. మదీనాగూడలో మాది 304, పేరు ఎవడిక్కావాలి? ఇక్కడ కింద బెల్లు మీదా, ఉత్తరాల డబ్బా మీదా ఇంటిపేరు ఉంటుంది, పోస్టుమ్యాన్ అది చూసే వేస్తాడు. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. బ్యాంకు కార్డూ, ట్యాక్స్ నంబరూ అన్నీ పోస్టులోనే వస్తాయి కాబట్టి, ఆ రేకు ముక్క లేకపోతే మనిషి లేనట్టే. పన్నెండు అక్షరాల మా ఇంటిపేరు, స్కూల్లో హాజరు పిలిచేటప్పుడు మాస్టార్లు కూడా మింగేసే పేరు, మ్యూనిచ్‌లో ఒక గోడకి ఎక్కింది. అతను స్క్రూ బిగిస్తుంటే నేను టార్చి పట్టుకున్నాను. (మొదటగా వచ్చిన ఉత్తరం ఏంటో తెలుసా? రేడియో, టీవీ పన్ను నెలకి 18.36 యూరోలు కట్టమని. టీవీ లేదు మొర్రో అన్నా, ఇల్లున్నందుకు కట్టాల్సిందే.)

ఆ రాత్రి కర్నూలు అతనికి మెసేజ్ రాద్దామని కూర్చున్నాను. రాయలేదు. ఆ తర్వాత ఏడాదిన్నర రాయలేదు. అతను టోలీచౌకీలో ఇల్లు తీసుకున్నాడని వేరేవాళ్ళు చెప్పారు.

వైజాగ్ వాళ్ళు 2025 మేలో సొంతిల్లు కొనుక్కుని ఖాళీ చేశారు. నాన్న మళ్ళీ ఫోన్ చేశారు, వాచ్‌మన్‌తో బోర్డు పెట్టిస్తున్నా అని. ఈసారి చెప్పాను, ఎవరు ముందొచ్చి అద్దె ఇస్తానంటే వాళ్ళకే ఇద్దాం, పేరు అడగొద్దు అని. నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. "అంత దూరం నుంచి చెప్పడం తేలికేరా. మీటింగుకి నువ్వొచ్చి నిలబడి చెప్పు" అన్నారు. ఆయనన్నదాంట్లో తప్పేం లేదు. పోయినసారి నేను ఆయన వెనకాల దాక్కున్నాను, ఈసారి ఆయన్ని ముందుకి తోస్తున్నాను. టికెట్ బుక్ చేశాను.

అది అయ్యాక ఆ మెసేజ్ రాశాను. రెండుసార్లు చెరిపి మూడోసారి పంపాను. "అప్పుడు చుట్టాలకి మాటిచ్చామని చెప్పింది అబద్ధం" అని, ఇంకేం సమర్థింపులు లేకుండా. నీలం టిక్కులు వచ్చాయి. జవాబు రెండు రోజులకి వచ్చింది.

"తెలుసన్నా. అప్పుడే తెలుసు. ఆంటీ ఎలా ఉన్నారు?"

బాగున్నారని రాశాను. మదీనాగూడలో బోర్డు ఇంకా వేలాడుతోంది. ఈ నెల ఈఎంఐ ఇక్కడి జీతంలోంచి కట్టాను.